గాజువాక నుంచి పరవాడకు రోజూ బైకు మీద వెళ్ళాలి: లారీల మధ్య ఎలా నడపాలో చెప్పగలరు

పరవాడ షిఫ్ట్ (ప్రశ్న):

అందరికీ నమస్కారం. వచ్చే నెలలో పరవాడ ఫార్మా సిటీలో ఉద్యోగంలో చేరబోతున్నాను. విశాఖపట్నం గాజువాకలో ఇల్లు అద్దెకు తీసుకున్నాం. ఇన్నాళ్ళూ పార్వతీపురంలో ఉన్నాం. బండి నడపడం నాకు కొత్త కాదు గానీ, 16వ నంబరు జాతీయ రహదారి మీద, పోర్టు నుంచి వచ్చే కంటెయినర్ లారీల పక్కన రోజూ వెళ్ళడం మాత్రం పూర్తిగా కొత్త. నాది 125 సీసీ బండి. గాజువాక నుంచి కూర్మన్నపాలెం మీదుగా లంకెలపాలెం వెళ్ళి, అక్కడ ఎడమకు తిరిగి పరవాడ చేరుకోవాలి. కంపెనీ బస్సు మొదటి షిఫ్టుకే ఉంటుందట. రెండో షిఫ్టు పడిన వారాల్లో రాత్రి పది దాటాక సొంత బండి మీదే తిరిగి రావాలి.

"హెల్మెట్ పెట్టుకో, నెమ్మదిగా వెళ్ళు" అని ఇంట్లోవాళ్ళ దగ్గర నుంచి ఇల్లు అద్దెకిచ్చిన మాస్టారి దాకా అందరూ చెబుతూనే ఉన్నారు. ఆ మాటను కాదనడం లేదు. అయితే ఈ రోడ్డు మీద నిజంగా ప్రాణం మీదికి తెచ్చేవి ఏమిటో, వాటి నుంచి ఎలా తప్పించుకోవాలో రోజూ ఆ దారిలో తిరిగేవారు చెబితే తెలుసుకోవాలని ఉంది. రోడ్డుకు ఏ పక్కన నడపాలి, వానలో ఏం చేయాలి, బండిలో ఏవేవి చూసుకోవాలి అన్నవి నా ముఖ్యమైన సందేహాలు. ఇంకొకటి: ఆదివారాల్లో మా ఆవిడనూ మూడేళ్ళ పాపనూ బండి మీద ఆర్కే బీచికో రుషికొండకో తీసుకువెళ్ళవచ్చునా?

పాత ట్రెయిలర్ డ్రైవరు:

బాబూ, నేను చాలా ఏళ్ళు పోర్టు నుంచి నలభై అడుగుల కంటెయినర్లు తోలి, ఇప్పుడు ఇంటిపట్టున ఉంటున్నాను. మీ ప్రశ్నకు లారీ కేబిన్‌లో కూర్చున్నవాడికి ఏం కనిపిస్తుందో, ఏం కనిపించదో చెప్పడమే నేను ఇవ్వగల జవాబు. ఎందుకంటే లారీ కింద పడిన బండివాళ్ళలో చాలామందిని డ్రైవరు గుద్దేదాకా చూడనే లేదు. చూసి గుద్దేవాడు నూటికి ఒక్కడు కూడా ఉండడు.

మీరు లంకెలపాలెంలో ఎడమకు తిరుగుతానన్నారు కాబట్టి ముందు ఆ మలుపు సంగతి. ట్రెయిలర్ ముందు చక్రాలు వెళ్ళిన దారిలో దాని వెనక చక్రాలు రావు. అవి మలుపు లోపలి వైపును కోసుకుంటూ, అంటే ఎడమ అంచుకు బాగా దగ్గరగా వస్తాయి. అందుకని డ్రైవరు మలుపు ముందు కేబిన్‌ను కాస్త కుడికి లాగి, చోటు చేసుకుని, ఆ తరవాత ఎడమకు తిప్పుతాడు. కుడికి లాగిన ఆ కాసేపు లారీకీ రోడ్డు అంచుకీ మధ్య ఖాళీ ఏర్పడుతుంది. లారీ కుడికి పోతోంది, మనకు దారి దొరికింది అనుకుని బండ్లు అందులోకి దూరతాయి. మరుక్షణంలో లారీ ఎడమకు తిరిగేసరికి, కేబిన్ దాటిపోయిన తరవాత కూడా ట్రెయిలర్ పక్క భాగం మీదకు జరుగుతూ వచ్చి బండిని అంచుకేసి నొక్కేస్తుంది. ఎడమ ఇండికేటర్ వేసి ఉన్న లారీ కుడికి జరుగుతోందంటే అది ఎడమకే తిరగబోతోందని అర్థం చేసుకోండి. వెనక ఆగిపోండి, అది పూర్తిగా తిరిగి వెళ్ళిన తరవాత మీరు తిరగండి. ఎడమ నుంచి లారీని దాటడం ఎప్పుడూ వద్దు, జంక్షన్లో అసలే వద్దు.

డ్రైవరు కూర్చునేది కుడివైపున, అదీ మనిషి ఎత్తుకు పైన. ఎడమ తలుపు పక్కన, కిటికీ కిందికి ఆనుకుని ఉన్న బండి అతని కంటికి ఆనదు. అద్దంలోనూ అన్ని వేళలా పడదు. పూర్వం ఎడమవైపు క్లీనర్ తల బయటపెట్టి "రానీ, రానీ" అని అరిచేవాడు. ఇప్పుడు చాలా లారీల్లో డ్రైవరు ఒక్కడే. లారీ పక్క అద్దంలో మీకు డ్రైవరు ముఖం కనిపించకపోతే అతనికి మీరు కనిపించడం లేదనే లెక్క. ముఖం కనిపించినా అతను అద్దంలోకే చూస్తున్నాడని నమ్మకం లేదు కాబట్టి, దాటాలంటే కుడి నుంచి, హారన్ కొట్టి, ఆగకుండా దాటేయాలి. లారీ పక్కనే దాని వేగంతో సమానంగా వెళ్ళడమే అన్నిటికంటే ప్రమాదం. పెద్ద లారీ ముందుభాగాన్ని దాటేటప్పుడు గాలి ఒక్కసారిగా పక్కకు నెడుతుంది, తేలికపాటి బండికి ఆ తోపు బాగా తెలుస్తుంది. హ్యాండిల్‌ను బిగించి పట్టుకోకుండా, మోకాళ్ళతో ట్యాంకును పట్టుకుని, ఒక అడుగు ఎక్కువ ఎడం ఉంచుకుంటే సరిపోతుంది.

రాత్రుళ్ళు ఆగి ఉన్న లారీ గురించి కూడా చెప్పాలి. షీలానగర్ నుంచి లంకెలపాలెం దాకా రోడ్డు పక్కన లారీలు ఆపుకోవడం మామూలే. వాటిలో వెనక లైటు వెలగనివి ఉంటాయి, వెలిగినా దుమ్ము పట్టి కనిపించనివి ఉంటాయి. ఎదుటి నుంచి వచ్చే వెలుతురు కళ్ళలో పడిన ఆ రెండు సెకన్లలో నల్లటి ట్రెయిలర్ వెనకభాగం చీకట్లో కలిసిపోతుంది. దాని చట్రం సరిగ్గా బండి నడిపేవాడి ఛాతీ ఎత్తులో ఉంటుంది. ఇంతకంటే వివరంగా చెప్పను.

మధురవాడ రైడర్:

పెద్దాయన చెప్పిన చివరి సంగతికి కొనసాగింపుగా రోడ్డు మీద ఎక్కడ నడపాలి అనేదాని గురించి రాస్తాను. ద్విచక్ర వాహనాలు ఎడమ అంచు పట్టుకుని వెళ్ళాలని మనకు చిన్నప్పటి నుంచీ చెబుతారు. పగటిపూట ఊళ్ళో అది సరైనదే. కాని రాత్రి హైవే మీద ఆ అంచునే ఆగి ఉన్న లారీలుంటాయి, ఆ అంచునే లైట్లు వేయకుండా రాంగ్ రూట్‌లో ఎదురొచ్చే బండ్లుంటాయి, ఇసుకా గుంతలూ కూడా అక్కడే ఉంటాయి. అందువల్ల ఎడమ లేన్‌లోనే ఉంటూ, అంచు నుంచి ఒక మనిషి బారెడు లోపలికి నడపడం మంచిదని నా అభిప్రాయం. అప్పుడు వెనక వచ్చేవాడికీ మీరు ఒక వాహనంలా కనిపిస్తారు, మీకు తప్పుకోవడానికి ఇరువైపులా చోటుంటుంది. కుడి లేన్‌లోకి దాటడానికి మాత్రమే వెళ్ళి, వెంటనే తిరిగి వచ్చేయండి. 40 వేగంతో మధ్య లేన్‌లో తిరిగేవాడు నెమ్మదిగా వెళుతున్నాను కదా అనుకుంటాడు. వెనక వచ్చే బస్సుకు మాత్రం అతను రోడ్డు మధ్యలో నిలబెట్టిన అడ్డంకే.

వేగం గురించి లెక్క కట్టి చూడండి. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 16 మీటర్లకు పైగా పోతుంది. ఎదుట ఏదో కనిపించి, చెయ్యి బ్రేకు మీద పడేలోపు ఒక సెకను గడిచిపోతుంది. ఆ తరవాత పొడి రోడ్డు మీద బాగా బ్రేకు పట్టినా ఇంకో 20 నుంచి 25 మీటర్లు. అంటే మొత్తం 40 మీటర్లు. అదే 40 వేగంలో మొత్తం 20 మీటర్లకు కాస్త పైన ఆగిపోవచ్చు. డిమ్ లైటులో, లైటు లేని లారీ 40 మీటర్ల దూరం నుంచి స్పష్టంగా కనిపిస్తుందని నేను హామీ ఇవ్వలేను. కాబట్టి రాత్రి వేళ బోర్డు మీద రాసిన వేగం కాకుండా మీ హెడ్‌లైటు ఎంత దూరం చూపిస్తుందో అంతలోపు ఆగగల వేగమే మీ వేగం కావాలి. ఎదుటి వెలుతురు కళ్ళలో కొట్టినప్పుడు దాన్ని చూడకుండా రోడ్డు ఎడమ పక్కనున్న తెల్ల గీత మీదికి చూపు తిప్పి, అప్పటికప్పుడే వేగం తగ్గించాలి.

పెదవాల్తేరు గ్యారేజి:

బండి సంగతి నేను చెబుతాను. మన ఊరి ఉప్పుగాలి బండిని లోపల నుంచి తింటుంది. బీచ్ రోడ్డు వైపు ఉండేవారి బండ్లలో ఎక్కువగా నా దగ్గరకు వచ్చేవి బిగుసుకుపోయిన బ్రేకు కేబుళ్ళు. బ్రేకు వదిలినా కేబుల్ వెనక్కి రాదు, చక్రం లోపలి బ్రేకు షూ డ్రమ్‌కు రాసుకుంటూనే ఉంటుంది, చివరికి అసలైన సమయానికి బ్రేకు పట్టదు. గాజువాక వైపు ఉప్పుతో పాటు బొగ్గు దుమ్ము, ఇనుప దుమ్ము కూడా ఉంటాయి కాబట్టి చెయిన్ తొందరగా అరుగుతుంది. చెయిన్‌ను వారానికోసారి తుడిచి నూనె వేయడం, దాని వదులు బండి పుస్తకంలో రాసినంతే ఉందో లేదో చూడడం మీరే ఇంట్లో చేసుకోగల పనులు.

ఎవరూ పట్టించుకోనిది బ్రేకు లైటు స్విచ్. కాలి బ్రేకు దగ్గర చిన్న స్ప్రింగుతో వేలాడుతూ ఉంటుంది. అది తుప్పు పట్టినా, స్ప్రింగు సాగినా మీరు బ్రేకు నొక్కిన సంగతి వెనకవాడికి తెలియదు. ఇంటి గోడకు వెనకభాగం తిప్పి బండి ఆపి, ముందు బ్రేకూ వెనక బ్రేకూ విడివిడిగా నొక్కి చూడండి, గోడ మీద ఎర్రటి వెలుగు రెండుసార్లూ పెరగాలి. దీనికి అర నిమిషం పట్టదు. టైరు గాడుల మధ్య టీడబ్ల్యూఐ అని గుర్తు ఉన్నచోట చిన్న దిమ్మె ఉంటుంది, గాడి దాని మట్టానికి అరిగిందంటే టైరు మార్చాల్సిందే. వెనక టైరు అరిగితే మార్చి, ముందు టైరు మాత్రం "ఇంకా బాగానే ఉంది కదా" అని ఏళ్ళ తరబడి ఉంచుకునేవారు చాలామంది. బండిని తిప్పేదీ, ఎక్కువ భాగం ఆపేదీ ముందు టైరే.

ఆ మాటకొస్తే, ముందు బ్రేకు పడితే బండి పల్టీ కొడుతుందనే భయం మన దగ్గర చాలా బలంగా ఉంది. బ్రేకు పట్టగానే బరువంతా ముందుకు ఒరుగుతుంది, వెనక చక్రం తేలికపడి జారుతుంది. అందువల్ల వెనక బ్రేకు మీదే ఆధారపడేవాడి బండి ఆగకుండా పక్కకు ఊగుతుంది. రెండూ కలిపి, ముందుది క్రమంగా బిగిస్తూ పట్టడం ఖాళీ స్థలంలో అలవాటు చేసుకోండి. మీ 125 సీసీ బండి 2019 ఏప్రిల్ తరవాత తయారైనదైతే దానికి కనీసం సీబీఎస్ ఉంటుంది. వెనక బ్రేకు తొక్కితే ముందుది కూడా కొంత పడుతుంది. అది సాయమే గానీ ఏబీఎస్ కాదు, గట్టిగా పడితే చక్రం బిగుసుకుపోకుండా అది ఆపలేదు. తడిసిన రోడ్డు మీదా, బీచ్ రోడ్డు మీద గాలికి కొట్టుకొచ్చే ఇసుక మీదా బండిని వంచి ఉంచి బ్రేకు పట్టవద్దు. ముందే వేగం తగ్గించి, నిటారుగా దాటాలి.

వాన సంగతి. మొదటి జల్లు పడిన పది పదిహేను నిమిషాలు రోడ్డు మీది నూనె, దుమ్ము నీటితో కలిసి బాగా జారుతుంది, పెద్ద వాన కాసేపు కడిగేశాక అంత ఉండదు. ఆ కాసేపు టీ కొట్టు దగ్గర ఆగండి. పోర్టు, సింధియా, మల్కాపురం వైపు వెళ్ళే పని పడితే రోడ్డుకు అడ్డంగా వచ్చే రైలు పట్టాలను ఏటవాలుగా దాటవద్దు, వీలైనంత నిలువుగా, బ్రేకు ముట్టకుండా దాటండి. నల్ల రెయిన్‌కోటు కొనవద్దు, అది మీ వెనక లైటు మీద వేలాడకుండా చూసుకోండి.

క్యాజువాలిటీ సిస్టర్:

నమస్తే అండీ. నేను ఒక ఆసుపత్రి అత్యవసర విభాగంలో నర్సుగా పనిచేస్తున్నాను, డ్యూటీకి స్కూటీ మీదే వెళతాను. 2022లో దేశం మొత్తం మీద రోడ్డు ప్రమాదాల్లో చనిపోయిన 1,68,491 మందిలో దాదాపు 44 శాతం ద్విచక్ర వాహనాల మీద వెళ్ళినవారేనని కేంద్ర ప్రభుత్వ లెక్క. మా దగ్గరకు వచ్చేవారిలో హెల్మెట్ పెట్టుకున్నా తలకు దెబ్బ తగిలినవారు ఉంటారు. అడిగితే చాలాసార్లు తేలేది ఒకటే: పట్టీ బిగించుకోలేదు. పట్టీ లేని హెల్మెట్ నేలను తాకేలోపే తల మీద నుంచి ఎగిరిపోతుంది. పట్టీ బిగించాక గడ్డం కింద రెండు వేళ్ళకు మించి పట్టకూడదు, వెనక నుంచి పైకి తోస్తే హెల్మెట్ ఊడి రాకూడదు. ఐఎస్ఐ గుర్తు, దానితో పాటు ఐఎస్ 4151 అనే సంఖ్య ఉన్నదే కొనండి, 2021 జూన్ నుంచి ఆ గుర్తు లేని హెల్మెట్ అమ్మడమే నిషేధం. గీతలు పడిన అద్దంతో రాత్రి నడిపితే ఎదుటి లైటు పూలజడలా విచ్చుకుని దారి కనిపించదు. ఒకసారి గట్టి దెబ్బ తిన్న హెల్మెట్‌ను పైకి బాగానే ఉన్నా మార్చేయాలి. చెవికీ హెల్మెట్‌కీ మధ్య ఫోను దూర్చి మాట్లాడుతూ నడిపేవారిని చూస్తే నాకు వచ్చే కోపం ఇక్కడ రాయదగినది కాదు.

పాప విషయం సూటిగా చెబుతాను, నొచ్చుకోకండి. మోటారు వాహనాల చట్టం 128వ సెక్షన్ ప్రకారం నడిపేవారు కాక బండి మీద ఇంకొకరు మాత్రమే ఉండాలి, పసిపిల్లలైతే ఫరవాలేదనే మినహాయింపు అందులో లేదు. తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ళ లోపు పిల్లలను తీసుకువెళితే, వారిని నడిపేవారికి కట్టి ఉంచే బెల్టు, వారి తలకు సరిపోయే హెల్మెట్ ఉండాలని, వేగం 40 దాటకూడదని 2023 ఫిబ్రవరి నుంచి నిబంధన ఉంది. పాపను ట్యాంకు మీద కూర్చోబెట్టడం చాలామంది చేస్తారు. బండి చిన్నగా గుద్దుకున్నా పాపే ముందు హ్యాండిల్‌కు తగులుతుంది, వెనక మీ బరువు ఆమె మీద పడుతుంది. ఆదివారం ముగ్గురూ ఆర్టీసీ బస్సులోనో ఆటోలోనో వెళ్ళండి. బీచిలో బండి ఎక్కడ పెట్టాలనే బాధ కూడా ఉండదు.

మీ ఆవిడ ఒక్కరే వెనక కూర్చున్నప్పుడు ఆమెకూ హెల్మెట్ తప్పనిసరి. నాలుగేళ్ళు దాటిన ప్రతి ఒక్కరికీ చట్టం అదే చెబుతుంది, లేకపోతే వెయ్యి రూపాయల జరిమానాతో పాటు లైసెన్సు మూడు నెలలు రద్దు కావచ్చు. ఇంకా ముఖ్యమైనది చీర కొంగు, చున్నీ. అవి వెనక చక్రంలో చుట్టుకుంటే మెడకు బిగుసుకుని మనిషిని కిందికి లాగేస్తాయి. కొంగు చెక్కుకుని, చున్నీ రెండు కొసలూ ముందుకు ముడి వేసుకుని కూర్చోవాలి. వెనక చక్రం సగం దాకా కప్పే జాలీ, పట్టుకోవడానికి కడ్డీ, రెండు వైపులా కాలు పెట్టుకునే చోటు ఉండాలని నిబంధన ఉంది. జాలీ అందం చెడగొడుతుందని తీయించేసేవారికి ఒక్క పూట మా వార్డు చూపించాలనిపిస్తుంది. వీలైతే ఇరువైపులా కాళ్ళు వేసుకుని కూర్చోమనండి, ఒక పక్కకు కూర్చున్నవారు మలుపులో, ఆకస్మిక బ్రేకులో పట్టు కోల్పోతారు.

దారిలో ఎవరైనా పడి ఉంటే ఆగి 108కి ఫోను చేయండి. సాయం చేసినవారిని పోలీసులు గానీ ఆసుపత్రి గానీ పేరు చెప్పమని బలవంతం చేయకూడదని 2019 సవరణలో రక్షణ ఉంది. స్పృహ ఉండి ఊపిరి ఆడుతున్నవారి హెల్మెట్‌ను మీరు తీయకండి, మెడ కదపకుండా ఉంచండి. ప్రమాదం జరిగిన ఏడు రోజుల వరకు, లక్షన్నర రూపాయల దాకా నగదు లేకుండా చికిత్స చేయించే కేంద్ర పథకం 2025 నుంచి అమల్లో ఉంది, డబ్బు లేదని ఆలస్యం చేయకుండా ఆసుపత్రిలో ఆ సంగతి అడగండి.

పరవాడ షిఫ్ట్:

అందరికీ కృతజ్ఞతలు. పాపను బండి మీద తీసుకువెళ్ళే ఆలోచన మానుకున్నాను, మా ఆవిడకు రేపే హెల్మెట్ కొంటాను. ట్రెయిలర్ పెద్దాయన గారికి ఒక సందేహం. రాత్రి తిరిగి వచ్చేటప్పుడు పరవాడ రోడ్డు నుంచి హైవే ఎక్కి గాజువాక వైపు కుడికి తిరగాలి. అక్కడ లారీలు వరసగా ఆగి ఉంటాయి. పక్కన ఉండకూడదన్నారు కాబట్టి, వాటి మధ్య నుంచి వచ్చి అన్నిటికంటే ముందు నిలబడితే సరిపోతుందా?

పాత ట్రెయిలర్ డ్రైవరు:

మంచి ప్రశ్న అడిగారు బాబూ, చాలామంది చేసేది అదే. మూతి చదునుగా ఉండే లారీల్లో డ్రైవరు ముందు అద్దం కింది అంచు రోడ్డుకు చాలా ఎత్తున ఉంటుంది. బంపర్‌కు ఆనుకుని ఆగిన బండి, దాని మీది మనిషి తలతో సహా ఆ అంచు కిందికి వచ్చేస్తారు. రోడ్డు ఖాళీ కాగానే లారీ కదులుతుంది, మీ బండి ఒకవేళ ఆగిపోయిందో, గేరు పడలేదో, అంతే. ముందుకు వెళితే బాగా ముందుకు వెళ్ళండి. వెనక్కి తిరిగి చూస్తే డ్రైవరు ముఖం మీకు అద్దంలోంచి పూర్తిగా కనిపించాలి, అంటే లారీ మూతి నుంచి కనీసం రెండు బండ్ల దూరం. అంత చోటు లేకపోతే లారీ వెనకే, దాని అద్దంలో కనిపించేలా కాస్త కుడి పక్కకు, మధ్యలో ఒక బండి పట్టేంత ఎడం వదిలి ఆగండి. లోడు లారీ కదిలేటప్పుడు ఎత్తు మీద అడుగో రెండడుగులో వెనక్కి జారుతుంది కాబట్టి ఆ ఎడం తప్పనిసరి. ఆగినంతసేపూ బండిని మొదటి గేరులో ఉంచి, క్లచ్ పట్టుకుని, వెనక బ్రేకు మీద కాలు ఉంచితే బ్రేకు లైటు వెలుగుతూ ఉంటుంది, వెనక వచ్చే లారీకి మీరున్నట్టు తెలుస్తుంది. లారీలన్నీ తిరిగాక మీరు తిరగండి, ఆ రెండు నిమిషాలకు ఇంట్లో అన్నం చల్లారిపోదు.